చక్కెర వేసిన ఈల

పిల్లలూ! రాయదుర్గం మెట్రో స్టేషనులో దిగిన జనం అందరూ ఒక్కసారే ఆఫీసులకు చేరరు. కొందరు వెంటనే నడిచి వెళ్ళిపోతారు. కొందరు బండి కోసం కాచుకుని నిలబడతారు. మనం తిన్న కొవ్వు కూడా ఇలాగే ప్రయాణం చేస్తుందంటే నమ్ముతారా?

మిరపకాయ బజ్జీలోని నూనె చిన్నపేగు చేరగానే పైత్యరసం దానిని సన్నని తుంపరలుగా చేస్తుంది. క్లోమరసం ఆ తుంపరలను విడగొడుతుంది. ఆ ముక్కలు పేగుగోడ కణాలలోకి పోయి మళ్ళీ కొవ్వుగా మారుతాయి. నూనె, నీరు కలవవు కదా! అందుకని కణాలు ఆ కొవ్వుకు మాంసకృత్తులతో కూడిన పలుచని తొడుగు వేసి, మూటలు కడతాయి. వీటిని కైలోమైక్రానులు అంటారు. ఇవి పెద్దవి కావడంచేత తిన్నగా రక్తనాళాలలో దూరలేవు. శోషరస నాళాల వెంట పైకి పోయి, మెడకు ఎడమ పక్కన రక్తంలో కలుస్తాయి. 1622లో ఇటలీ వైద్యుడు ఆసెల్లీ, తిండి తిన్న కుక్క పేగుల దగ్గర పాలవంటి తెల్లని నాళాలు చూశాడు. ఆ తెలుపు ఈ కొవ్వుదే!

ఇక అసలు వింత వినండి. కొంత కొవ్వు వెంటనే బయలుదేరక, గంటల తరబడి పేగు కణాలలోనే బిందువులుగా నిలిచి ఉంటుంది. కెనడాలోని టొరాంటో పరిశోధకులు కొందరికి కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారమిచ్చి, అయిదు గంటల తరవాత గ్లూకోజు నీళ్ళు గాని, వట్టి నీళ్ళు గాని తాగించి చూశారు. ఆ ఫలితాలు 2019లో అచ్చయినవి. గ్లూకోజు తాగినప్పుడు రక్తంలోకి ఎక్కువ కొవ్వు వచ్చింది. గ్లూకోజులో కొవ్వు చుక్కయినా లేదే! మరి అది ఎక్కడిది? పేగులో కాచుకుని ఉన్నదే. గార్డు ఈల వేస్తే రైలు కదిలినట్టు, చక్కెర అందగానే కొవ్వు కదిలిందన్నమాట.

ఈ సంగతి మనకెందుకు? హైదరాబాదు విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, ఫలితాలను 2025లో ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉన్నది! ఇదంతా చక్కెర పని అనలేము. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం, వేళతప్పిన తిండి, నిద్ర చాలకపోవడం కూడా చేటు చేస్తాయి. అయితే మిగులు చక్కెరను కాలేయం తానే కొవ్వుగా మారుస్తుంది.

పిండిపదార్థమూ, కొవ్వూ రెండూ ఒంటికి అవసరమే. మితం తప్పితేనే ముప్పు. మధ్యాహ్నం బిరియానీ తిని, సాయంత్రం తియ్యని పానీయం తాగేవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? వారికి ఈ కథ చెప్పి, మంచినీళ్ళో పలుచని మజ్జిగో ఇవ్వండి.

ఇక మీకొక లెక్క: పానీయం సీసా మీద చక్కెర ఎన్ని గ్రాములని రాశారో చూడండి. చిన్న చెంచాకు అయిదు గ్రాముల చొప్పున ఎన్ని చెంచాలయిందో కట్టి, ఇంట్లో అందరికీ వినిపించండి.