ఆ రెండక్షరాలకు అర్థం తెలుగులో రాయండి

మే నెలలో తిరుపతిలో ఏసీ ఆగిపోతే ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: గ్యాసు అయిపోయినట్టుంది. మెకానిక్‌ను పిలిస్తే అతనూ చాలాసార్లు అదే అంటాడు. అప్పటికే గోడ మీది యూనిట్ తన జబ్బేమిటో ఒక అక్షరంలో, ఒక అంకెలో చెప్పేసి ఉంటుంది. అది చదువుకునే వీలు మాత్రం కొన్నవాళ్లకు లేదు. ఈ వారం నా ఫిర్యాదు దాని గురించే.

ఏసీలో గది గాలి వేడిని ఒక సెన్సర్, కాయిల్ చల్లదనాన్ని ఒకటి, కంప్రెసర్ నుంచి వచ్చే గొట్టం వేడిని మరొకటి కనిపెట్టుకొని ఉంటాయి. లోపలి బోర్డు, బయటి బోర్డు తీగ మీద ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటూ ఉంటాయి. ఎక్కడ తేడా వచ్చినా కంప్రెసర్ కాలిపోకముందే మిషన్ ఆగి, కోడ్ చూపిస్తుంది. డైకిన్‌లో 'యు-4' వస్తే లోపలి, బయటి యూనిట్ల మధ్య సంకేతాలు అందడం లేదని అర్థం. 'యు-0' గ్యాసు తగ్గిందని, 'ఏ-6' లోపలి ఫ్యాన్ మోటారు ఇబ్బంది పెడుతోందని. సంకేతాలు అందని అదే సమస్యకు ఎల్‌జీ పెట్టుకున్న కోడ్ 'సీహెచ్-05'. 'ఈ-1' డైకిన్‌లో బయటి బోర్డు దోషమైతే, గ్రీ కంపెనీ ఏసీల్లో గ్యాసు ఒత్తిడి మితిమీరిందని. పక్కింటి ఏసీకి చేసిన వైద్యం మన ఏసీకి పనికిరాదు. కొన్ని మోడళ్లలో కోడ్ పైకి కనబడదు కూడా. డైకిన్ రిమోట్లు చాలావాటిలో టైమర్ రద్దు బటన్‌ను ఐదు సెకన్లు నొక్కిపట్టి, తర్వాత ఒక్కోసారి నొక్కుతూ పోవాలి. అసలు కోడ్ దగ్గరకు రాగానే ఏసీ పొడవుగా బీప్ అంటుంది.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా అత్త ఇంటికి పోయినప్పుడు చూశాను. "గ్యాసు అయిపోయిందంట నాయనా, మూడు వేలు అడుగుతుండాడు" అంది. గోడ మీద కోడ్ వెలిగి ఆరుతోంది. మోడల్ నంబరు పెట్టి ఆ కంపెనీ పట్టికలో వెతికితే, తేలింది గ్యాసు సంగతి కాదు, రెండు యూనిట్ల మధ్య తీగ సంగతి. మరో మెకానిక్ వచ్చి డాబా మీద బయటి యూనిట్ పక్కమూత విప్పాడు. తీగలు బిగించే చోటికి జానెడు దూరంలో ఎలుక తొడుగు కొరికేసింది. రాగి పచ్చగా తుప్పుపట్టి ఉంది. పాడైన ముక్క కత్తిరించి, కొత్త కొనలు తీసి బిగించాడు. ఏసీ పనిచేసింది. గ్యాసు అక్కరే పడలేదు.

గ్యాసు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా నింపితే అది మళ్లీ పోతుంది, మన డబ్బూ పోతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 అంటుకునే గుణం కొంత ఉన్న వాయువు. పైగా భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 675 రెట్లు. ఎంత గ్యాసు పట్టాలో బయటి యూనిట్ పట్టీ మీద కిలోల్లో అచ్చువేసే ఉంటుంది. నింపేవాణ్ణి త్రాసు తెమ్మని అడగండి. తేనివాడిచేత నింపించుకోవద్దు.

మన ఊళ్లలో కోడ్ రావడానికి వేరే కారణాలూ ఉన్నాయి. తిరుపతిలో పడమటి గోడకు బిగించిన బయటి యూనిట్ మధ్యాహ్నమంతా ఎండలోనే ఉంటుంది. వెనక రెండు బెత్తెల జాగా కూడా లేని మేడలెన్నో. వేడి గాలి బయటికి పోక ఒత్తిడి పెరిగి ఆగిపోతుంది. పల్లెల్లో అయితే సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు పిలవాల్సింది ఏసీ మెకానిక్‌ను కాదు, కరెంటోళ్లను, నంబరు 1912. ఇక కొన్ని ఏసీల్లో 'సీ-ఓ' అని కనబడితే అది జబ్బే కాదు, లోపలి తడి ఆరబెట్టుకుంటోందంతే.

సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2023లో బ్లూస్టార్, డైకిన్ ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. లాయిడ్ ఏసీలూ అక్కడ తయారవుతున్నాయి. 2025 మేలో ఎల్‌జీ 5,000 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. మన జిల్లాలో, మన పిల్లల చేతుల మీదుగా తయారై మన ఇంటికొచ్చే యంత్రం మీద దాని జబ్బుల పట్టిక తెలుగులో ఎందుకుండదు? కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వస్తువు బాగుచేసుకునే సమాచారం కొన్నవాళ్లకు అందాలన్నదే దాని ఉద్దేశం. ఆ సమాచారం ఇంగ్లీషు పీడీఎఫ్‌లో ఉంటే పుత్తూరులో, పలమనేరులో ఇంటావిడకు అందినట్టా?

అర్థం తెలిస్తే జనం సొంతంగా విప్పుతారు, ప్రమాదమని ఒక వాదన. ప్రమాదం నిజమే. బయటి బోర్డు కెపాసిటర్లలో మెయిన్ ఆపాక కూడా కాసేపు 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది, దాన్ని ఇంట్లోవాళ్లు ముట్టుకోనే కూడదు. ఆ హెచ్చరిక కూడా తెలుగులోనే ఉండాలి కదా. నేను అడిగేది లోపలి యూనిట్ ముందుమూత ఎత్తితే, ఫిల్టర్ల పైన కనబడేలా అతికించిన ఒక్క కాగితం. దాని మీద మాటలు ఇలా ఉంటే చాలు: 'ముందు కోడ్‌ను ఫొటో తీసుకోండి. యు-4: రెండు యూనిట్ల మధ్య సంకేతాలు అందడం లేదు. మెయిన్ ఆపి పది నిమిషాలాగి వేయండి. మళ్లీ వస్తే వాడకుండా మెకానిక్‌ను పిలవండి. బయటి యూనిట్ మూత విప్పకండి.'