నొక్కితే నడుస్తుంది కదా!

మా ల్యాబులో సామెతలాంటి మాట ఒకటుంది: "బోర్డు పలక్కపోతే రీసెట్ నొక్కు." నొక్కుతాం, పలుకుతుంది, రికార్డు మీద సంతకం పడుతుంది. ముందు ఎందుకు పలకలేదని ఎవరూ అడగరు. నా ఫిర్యాదల్లా ఈ అలవాటు మీదే.

ఫిర్యాదు చేసే అర్హత నాకుంది. హాస్టల్ ట్యాంకు మోటారుని వేసి కట్టే బోర్డు ఒకటి, 8051 చిప్‌తో, ప్రాజెక్టుగా చేశాం. బిగించిన రోజు అలవాటు ప్రకారం బటన్ నొక్కి మొదలుపెట్టాం. బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారేసరికి ట్యాంకులో చుక్క లేదు. బక్కెట్లు పట్టుకు నిలబడ్డ సోదరుల దీవెనలు ఇక్కడ రాయదగినవి కావు. పోయి బటన్ నొక్కాను. మోటారు తిరిగింది!

మూడు రోజులు ప్రోగ్రాంని అనుమానించాం. క్రిస్టల్ మార్చాం, చిప్ మార్చాం. మీటరు పెడితే 9వ పిన్ మీద సున్నా వోల్టులు, ఉండవలసినట్టే. చివరికి ల్యాబ్ అసిస్టెంటుగారు "బటన్ నొక్కి పట్టుకుని కరెంటు వెయ్యి బాబూ, తర్వాత వదులు" అన్నారు. వదలగానే నడిచింది. అంటే చిప్పు, ప్రోగ్రాం నిర్దోషులే. దోషమంతా కరెంటు వచ్చిన తొలి క్షణాల్లోనే ఉంది.

ఈ చిప్‌కి రీసెట్ పిన్ మీద వోల్టేజి పైన ఉన్నంతసేపే రీసెట్. 5 వోల్టుల నుంచి ఆ పిన్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్ రెసిస్టర్. రెండూ గుణిస్తే సెకనులో పదోవంతు. ఆలోగా సప్లై నిలదొక్కుకోవాలి, క్రిస్టల్ ఊగడం మొదలవ్వాలి. పాత సామాన్ల డబ్బాలోంచి ఏరిన మా కెపాసిటర్ ఎండిపోయింది. సప్లై ఇంకా లేస్తుండగానే రీసెట్ అయిపోయేది. ఇది మీటరుకి అందదు. ఆసిలోస్కోప్‌కి అందుతుంది గాని, అది బీరువాలో భద్రంగా ఉంది.

జూనియర్లు ఆర్డ్యునో యూనోతో కుస్తీ పడుతున్నారు. అందులోని ఏటీమెగా 328కి వ్యవహారం తలకిందులు, పిన్ కిందికి దిగితేనే రీసెట్. 8051 బొమ్మ చూసి ఆ చిప్‌కి అలాగే కలిపితే అది నిద్ర లేవదు.

సిలబస్‌కి టైము చాలదంటారు, నిజమే. అయినా అధ్యాపకులకు నా మనవి: సెమిస్టరుకి ఒక్క ప్రయోగమైనా చెడిన బోర్డుతో పెట్టండి. అవుట్‌పుట్‌కి కాదు, తప్పు పట్టిన దారికి మార్కులివ్వండి. మా ఎండిన కెపాసిటర్‌ని దాచి ఉంచాను. మొదటి బోర్డుకి అది నేనే ఇస్తాను.