పురుగు చెప్పిన కాలజ్ఞానం

కళాశాలలో చదివే పిల్లవాడు వేసవి సెలవులలో నులిపురుగుల మీద పరిశోధన చేస్తానంటే, ప్రవాస తెలుగు కుటుంబాలలో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే: “దాని వల్ల ఏమి ప్రయోజనం?” మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను తలచుకుని, పిల్లలను ముందుగానే వైద్యం వైపో కంప్యూటర్ల వైపో మళ్ళించే తల్లిదండ్రులకు ఆ సందేహం సహజమే. అయితే ఆ ప్రశ్నకు సమాధానం రావడానికి ఎంత కాలం పడుతుందో ఆ పురుగు చరిత్రే తెలుపుతుంది.

మట్టిలోను, కుళ్ళిన పండ్లలోను జీవించే సి. ఎలిగాన్స్ అనే ఈ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. గుడ్డు నుండి వెలువడి, నాలుగు డింభక దశలు గడచి, నాలుగుమార్లు కుబుసం విడిచి, కొద్ది రోజులలోనే ప్రౌఢ జీవి అవుతుంది. 1960లలో సిడ్నీ బ్రెన్నర్ దీనిని పరిశోధనకు ఎన్నుకున్నాడు. శరీరం పారదర్శకం కనుక జాన్ సల్‌స్టన్, అతని సహచరులు ఒక్కొక్క కణం పుట్టుకను సూక్ష్మదర్శినితో గమనించి, 1983 నాటికి కణాల వంశవృక్షాన్ని పూర్తిచేశారు. ద్విలింగ ప్రౌఢ జీవిలో, బీజకణాలు కాక, ఉన్నవి 959 కణాలు.

ఈ కణాలన్నింటిలోను ఉన్న జన్యువులు అవే. అయినా ఒకటి నాడీకణం, మరొకటి కండరకణం అవుతుంది. ఏ జన్యువు ఏ దశలో పనిచేయాలి, ఎప్పుడు ఆగిపోవాలి అన్న దానిలోనే రహస్యమంతా ఉంది. లిన్-14 అనే జన్యువు ఇచ్చే ప్రోటీను మొదటి డింభక దశలో పుష్కలంగా ఉండి, ఆపైన తగ్గిపోవాలి. లిన్-4 అనే జన్యువు చెడిపోయిన పురుగులో అది తగ్గదు. ఆ పురుగు తొలి దశ కణవిభజనలనే మళ్ళీ మళ్ళీ జరుపుతూ ఉంటుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందాలు ఇందుకు కారణం చూపాయి. లిన్-4 నుండి ఏ ప్రోటీనూ పుట్టదు. 22 న్యూక్లియోటైడ్ల చిన్న ఆర్.ఎన్.ఎ. మాత్రమే పుడుతుంది. అది లిన్-14 సందేశానికి అతుక్కుని ప్రోటీను తయారీని అణచివేస్తుంది.

ఇది ఆ పురుగుకే పరిమితమైన వింత అని అప్పట్లో పలువురు భావించారు. 2000లో రవ్‌కన్ బృందం లెట్-7 అనే మరొక చిన్న ఆర్.ఎన్.ఎ.ను కనుగొని, అది మానవులలో కూడా ఉన్నదని చూపింది. మానవులలో ఇటువంటివి వందలకొద్దీ ఉన్నాయని తరువాత తేలింది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో లెట్-7 తగ్గి ఉంటుందని కూడా తెలిసింది. 2024లో ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

1993లో ఎవరైనా ప్రయోజనమేమని అడిగి ఉంటే, నిజాయితీ గల శాస్త్రజ్ఞుడు “తెలియదు” అనే చెప్పవలసి వచ్చేది. ప్రతి పరిశోధనా ఇలా ఫలించదు. పిల్లలందరూ శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. జీవనోపాధి గురించిన తల్లిదండ్రుల చింత తేలికగా తీసివేయదగినదీ కాదు. కాని ఒక్క వేసవి కుతూహలం వల్ల కుటుంబానికి కలిగే నష్టం స్వల్పం. దానిని మొదట్లోనే త్రుంచివేస్తే కలిగే నష్టాన్ని లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు.

డింభక దశలోని పురుగును గుడ్లు పెట్టమని ఎవరూ అడగరు. అప్పుడే మొదలైన జిజ్ఞాసకూ అంతటి గడువు ఇవ్వడం న్యాయం. పిల్లవాడు ప్రయోగశాల నుండి ఇంటికి వచ్చిన నాడు “ఏమి ప్రయోజనం?” అనడానికి ముందు “ఏమి చూశావు నాయనా?” అని అడిగే తల్లిదండ్రులు ఆ గడువు ఇచ్చినవారవుతారు.