అంబలి, పేగు, మనసు: విస్తరణ వేదికపై ఎంతవరకు చెప్పాలి?

రాగి అంబలి మానసిక కుంగుబాటును తగ్గిస్తుందన్న మాట చిరుధాన్యాల ప్రదర్శనలలో తరచు వినిపిస్తోంది. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుందన్న వాస్తవాన్ని అందుకు ఆధారంగా చూపుతారు. అయితే అలా తయారైన సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి ప్రవేశించలేదన్న రెండవ సగాన్ని చెప్పరు.

పేగుకు, మనసుకు సంబంధమే లేదని దీని అర్థం కాదు. సూక్ష్మజీవరహితంగా పెంచిన చుంచెలుకలలో ఒత్తిడి హార్మోన్ల ప్రతిస్పందన అధికంగా ఉన్నట్లు 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్‌ను పేగులో ప్రవేశపెట్టగా ఆ ప్రతిస్పందన సాధారణ స్థితికి వచ్చింది. పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను ఉత్పత్తి చేస్తాయి. వేగస్ నాడి పేగు సంకేతాలను మెదడుకు చేరవేస్తుంది. ఇంతవరకు నిస్సందేహంగా చెప్పవచ్చు. కానీ చుంచెలుకకు, అప్పుల బాధతో నిద్రపట్టని రైతుకు మధ్య దూరం చాలా ఉంది. ఆ రైతుకు అంబలి చాలునని సూచించడం ప్రమాదకరం. అతనిని మానసిక వైద్యుని వద్దకు పంపడమే విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

వ్యవసాయ పరిశోధన చేయగలిగిన పని వేరే ఉంది. కొర్రలు, సామలు తెల్లబడేదాకా పాలిష్ చేస్తే తవుడుతోపాటు పీచు కూడా పోతుంది. సూక్ష్మజీవులకు ఆహారమైన భాగం అదే. కొత్త రకాల మదింపులో దిగుబడికి, పంటకాలానికి, తెగుళ్లను తట్టుకొనే గుణానికి ఇచ్చే ప్రాధాన్యం మరపట్టిన తరువాత మిగిలే పీచుకు దక్కడం లేదు. విడుదల ప్రతిపాదన పత్రాలలో ఆ అంకెకు ఇకనైనా ఒక గడి చేర్చాలి.