పశువుల కంటికి ఒక రోజు కేటాయించండి



గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో వారానికి ఒక రోజు కంటి ఓపీ పెట్టి, ఆ రోజేదో గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని నా విన్నపం. ‘మనుషుల కళ్ళకే దిక్కు లేదు, కుక్కల కళ్ళకు స్పెషలిస్టు కావాలా’ అని ఎకసెక్కం చేసేవాళ్ళుంటారు. వాళ్ళ కోసమే కాస్త వివరంగా రాస్తున్నాను.

కేసరపల్లి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు లేచాక పగ్‌లు, షిట్జూలు బాగా పెరిగాయి. వీటి ముఖం చదును, కంటి గుంట లోతు తక్కువ, గుడ్డు ముందుకు ఉబికి ఉంటుంది. రెప్ప కూడా సరిగా మూతపడదు. గోరు గీరుకున్నా చాలు, నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. కన్ను ఎర్రబడింది కదా అని మందుల షాపుకెళ్ళి ఏదో చుక్కల మందు తెచ్చి వేస్తాం. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు మానకపోగా లోతుకు దిగుతుంది, గుడ్డుకు చిల్లి పడినా పడొచ్చు. మా వీధిలో ఒక పగ్‌కి అలాగే అయి, చివరికి కన్ను తీసేశారు.

పుండును పట్టుకోవడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఫ్లోరెసిన్ రంగు పూసిన కాగితం పట్టీని తడిపి కంటికి తాకించి, సెలైన్‌తో కడిగి నీలి దీపం వేస్తే, పుండున్న మేర పచ్చగా మెరుస్తుంది. కన్నీళ్ళు ఎండిపోతున్నాయేమో చూడడానికి ఇంకో రకం పట్టీ ఉంది. కింది రెప్పలో ఒక నిమిషం ఉంచితే కుక్కకు కనీసం 15 మిల్లీమీటర్లు తడవాలి. ఈ పట్టీలు ప్రతి పశువైద్యశాలలో, 1962 నంబరు పశువుల అంబులెన్సుల్లో ఉంచవచ్చు. నీటికాసులకు మాత్రం కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటరు, దాన్ని వాడగల చెయ్యి రెండూ కావాలి. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోతుంది. ‘సోమవారం చూద్దాం’ అంటే కుదరదు.

మన పశువైద్య పీజీలో కంటికి విడిగా శాఖ లేదు. సర్జరీ, రేడియాలజీ కిందనే అది కూడా. విరిగిన కాలు, గిట్టకు తగిలిన దెబ్బ, పగిలిన కొమ్ము, నల్లగుడ్డు అన్నీ ఒకే డాక్టరు గారి ముందుకు వస్తాయి. ఆయన పనితనానికి నేను వంక పెట్టడం లేదు. అమెరికాలో పశువుల కంటి వైద్యులు విడిగా ఉన్నారు, అంత దూరం పోనక్కర్లేదు, చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీలో కుక్కలకు శుక్లాల ఆపరేషన్లు చేస్తున్నారు. కాకపోతే ఇక్కడి నుంచి సుమారు 450 కిలోమీటర్లు. చూపు ఆనని కుక్కను రైల్లో లగేజీ పెట్టెలోకి ఎక్కించడం ఎవరికి మనసొప్పుతుంది? కారున్నవాళ్ళు వెళతారు, లేనివాళ్ళు ఊరుకుంటారు.

ఇక పాడి పశువులు. అసలు నా బాధ వీటి గురించే. ‘కంట్లో పువ్వు వేసింది’ అని మన రైతులు తేలిగ్గా అనేస్తారు. ఉప్పునీళ్ళు కొడతారు, ఆకు పసరు పిండుతారు. ఆ పువ్వు దెబ్బ వల్ల రావచ్చు, ఈగలు మోసుకొచ్చే కంటి పురుగు వల్లా రావచ్చు. సన్నని దారప్పోగుల్లాంటి ఆ పురుగులు మూడో రెప్ప కింద కదులుతుంటాయి. మత్తు చుక్కలు వేసి, రెప్ప ఎత్తి తీసేస్తే సరిపోయేదానికి గేదె కన్నే పోగొట్టుకుంటున్నాం. దాళ్వాకు నీళ్ళు లేక, పిల్లిపెసర, జనుము లాంటి పచ్చిమేత పైర్లు చల్లక, ఎండు వరిగడ్డితోనే నెట్టుకొచ్చే ఇళ్ళలో ఇంకో ముప్పుంది. ఎండిన గడ్డిలో విటమిన్ ఏ ఇచ్చే కెరోటిన్ మిగలదు. పొద్దు గుంకాక గుంజకు, గోడకు తగిలే దూడను పెంకిది అనుకుంటాం, దానికి రేచీకటి. తల్లికే ఆ లోపం ఉంటే దూడ గుడ్డిదిగానే పుట్టవచ్చు. ఎదిగే వయసులో ఎముక బిగిసి కంటి నరం నలిగితే తరవాత ఎంత విటమిన్ పోసినా ఆ చూపు రాదు.

డబ్బు మాటకొస్తే, చెన్నై దాకా కారు వేసుకుని వెళ్ళేవాళ్ళ దగ్గర ఆపరేషన్‌కి పూర్తి రుసుము తీసుకోండి. గేదెలకు, దూడలకు, వీధి కుక్కలకు ఉచితంగా చూడండి. శుక్లం తీశాక కుక్కకు పెట్టే లెన్సు పవరు సుమారు 41 డయాప్టర్లు, మనిషికి అందులో సగం. లెన్సులు వేరే తెప్పించుకోవాల్సిందే గానీ, శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చే ఫేకో యంత్రం ఇద్దరికీ ఒకటే. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది. వాళ్ళు మార్చేసే పాత యంత్రం ఒకటి అడగడానికి, మన కుర్ర డాక్టర్లకు కొన్నాళ్ళు చేయి తిరిగేలా నేర్పమనడానికి మొహమాటమెందుకు? 1998లో పెట్టిన కాలేజీ ఇది, పైన తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఉత్తరం అక్కడి నుంచి వెళితే కాదంటారని నేననుకోను.

ఓపీ వారంలో ఏ రోజైనా ఫర్వాలేదు. పది గంటలకు మొదలుపెడితే చాలు, కేంద్రంలో పాలు పోసి, గేదెను ట్రాలీ ఆటో ఎక్కించుకుని వచ్చేవాళ్ళకు వీలవుతుంది.

– ఒక పాఠకుడు, గన్నవరం