చలికన్నా మూసిన గదితోనే ముప్పు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో, అటు లంబసింగి, పాడేరు మన్యంలో రాత్రి ఉష్ణోగ్రతలు ఒక్క అంకెకు పడిపోవడం మామూలే. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా కిందికి దిగి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ శీతల గాలులుగా లెక్కిస్తుంది. మన హెచ్చరికలన్నీ ఈ బయటి లెక్క చుట్టూనే తిరుగుతాయి. ఇంట్లో చలి కాచుకునే తీరుతో వచ్చే ప్రమాదం గురించి చెప్పేవారు తక్కువ.

తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పక్కన పడుకుంటే గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పొగ రావడం లేదు కదా అనే ధీమా పనికిరాదు, కణకణలాడే నిప్పుల నుంచీ అది వెలువడుతుంది. లంబసింగిలో టెంటులోకి నిప్పులు తెచ్చుకునే పర్యాటకులకూ ఇదే ముప్పు. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ కూడా అంతే. దాన్ని బయట బిగించి, వేడినీళ్లు పైపుతో లోపలికి తెచ్చుకోవాలి. అద్దె ఇల్లయితే యజమానిని అడగడానికి మొహమాటం వద్దు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే చాలామంది పైత్యం అనుకుని మళ్లీ అదే గదిలో పడుకుంటారు. అసలు చిక్కంతా ఇక్కడే. జ్వరం లేకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉంటే గాలినే అనుమానించాలి. కొవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు, ఈ తేడాను అది పట్టలేదు. వెంటనే అందరినీ ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. కుంపటి పెట్టుకున్నామనో, గీజర్ వాడామనో డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్త పరీక్షలో నిర్ధారణ అవుతుంది.

పెద్దవాళ్ల సంగతి వేరు. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి బీపీ పెరుగుతుంది కాబట్టి, వాకింగ్‌కు ఎండ వచ్చాకే వెళ్లడం మంచిది. ఒళ్లు చల్లబడి, మాట ముద్దగా వస్తూ, మగతగా ఉంటే వణుకు లేకపోయినా ప్రమాదమే. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద గదిలో కుటుంబంతో ఉండే వాచ్‌మన్ కుంపటి పెట్టుకునేది సరదాకి కాదు, దుప్పట్లు చాలక. వద్దని చెప్పేటప్పుడే రెండు రగ్గులు కూడా ఇవ్వండి.