కనపడని పుస్తకాన్ని ఎవరడుగుతారు?

సంపాదకులు గారికి,

కొత్త సంవత్సరం సంచికలో మీరు ‘ఈ ఏడు చదవాల్సిన పాతిక పుస్తకాలు’ అని ఒక జాబితా వేశారు. కత్తిరించి దాచుకున్నాను. వేలెత్తి చూపాల్సిన పుస్తకం అందులో ఒక్కటీ లేదు. కానీ పాతికలో పంతొమ్మిది నవలలు, మిగిలినవి కథల సంపుటాలు. ఒక్క నాటకం లేదు. భాష గురించి ఒక్కటి లేదు. మన జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని చెప్పేది అసలే లేదు. నవలలు ఎక్కువయ్యాయని కాదు నా పేచీ. నవల ముగించినవాడు అక్కణ్ణించి ఎటు పోవచ్చో ఆ జాబితా చూపించడం లేదని.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా పనిచేశాను. టిక్కెట్ల సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. ఫలానాది చదవమని చెప్పే గురువెవరూ లేరు. ఒక పుస్తకం తీసుకెళ్లి ఇంకో పుస్తకం దగ్గర దింపేది, అంతే. అది ఎలాగో ఒక్క మాట పట్టుకుని చెబుతాను.

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ మొదటిసారి చదివినప్పుడు అందరూ గిరీశం దగ్గర నవ్వుకుంటే, నేను పూటకూళ్లమ్మ దగ్గర ఆగాను. ఆవిడకు పేరు లేదు, చేసే పనే పేరు. పూటకూళ్లంటే ఏమిటని నిఘంటువు తిరగేశాను. కూడుకు బహువచనం కూళ్లు. పూటకింత అని డబ్బిచ్చి తినే కూడు. మా డిపో ఎదురుగా మెస్సు నడిపిన ముసలావిడ గుర్తొచ్చింది, అక్కడితో మర్చిపోయాను. కొన్నేళ్ల తర్వాత సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చేతికొచ్చింది. 1949లో వెలువడిన పుస్తకం, సాహిత్య అకాడెమీ బహుమతి తెలుగులో మొట్టమొదట దీనికే వచ్చింది. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి, పాత కావ్యాల్లోంచి జనం తిండీ బట్టా ఆటా పాటా ఏరి కూర్చారాయన. ఆయన వాడుకున్న వాటిలో ‘క్రీడాభిరామం’ ఒకటి. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతుంటారు. అందులో పూటకూళ్లిల్లు ఉంది! ఒక్క రూకకు ఏమేం వడ్డిస్తారో కూడా ఉంది. కాకతీయుల నాటి ఓరుగల్లు నుంచి గురజాడ వారి విజయనగరం దాకా, అయిదు వందల ఏళ్లకు పైగా, ఒకే పొయ్యి ఆరకుండా ఉన్నట్టు అనిపించింది నాకు. ‘క్రీడాభిరామం’ కూడా వీథి అనే జాతి నాటకమేనని ఆ తర్వాత తెలిసింది. నాటకం, నిఘంటువు, సాంఘిక చరిత్ర, మళ్లీ నాటకం. విడివిడిగా చదివితే ఏ ఒక్కటీ ఇంత చెప్పేది కాదు.

‘కన్యాశుల్కం’ సంగతే ఇంకొకటి. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసినప్పుడు గురజాడ దానికి ఇంగ్లీషులో పీఠిక రాశారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకు విజయనగరం మహారాజా వారు లెక్క తీయించారనీ, అవి 1,034 తేలాయనీ అందులో ఉంది. పగలబడి నవ్విస్తున్న నాటకం గుమ్మంలోనే ఆ అంకె నిలబడి ఉంది. నా దగ్గరున్న చవక ప్రతిలో ఆ పీఠిక లేదు. ఇంకొకరి దగ్గర చూసి చదివాను.

నవలలకూ ఇదే వర్తిస్తుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మా కృష్ణా కాలవల కింది వాళ్లం చదువుతుంటే గడి, వెట్టి, ఆడబాప అన్న మాటలు కాళ్లకు అడ్డం పడతాయి. దొరసాని వెంట అరణంగా వచ్చిన పిల్లను ఆడబాప అంటారని తెలియకపోతే ఆ నవల సగమే చదివినట్టు. పక్కనే తెలంగాణ సామాజిక చరిత్ర ఒకటుంటే మిగతా సగం తెరుచుకుంటుంది. సేద్యపు మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా మాటలు సేకరింపజేసి కూర్చిన ‘మాండలిక వృత్తి పదకోశం’ ఉంది. వ్యవసాయానికి 1962లో, చేనేతకు 1971లో వచ్చాయి. నిఘంటువని భయపడతారు గానీ, ఒకే పనిముట్టు జిల్లా దాటగానే పేరు మార్చుకోవడం చూస్తుంటే పొద్దు తెలియదు.

నాటకం చూసేది గానీ చదివేదా అని ఒక మిత్రుడు అడ్డం వేశాడు. సరే, చూపించమనండి. మాది తెనాలి, నాటకాలకు పేరున్న ఊరు. ఇక్కడే ‘కన్యాశుల్కం’ మొదటి నుంచి చివరి దాకా రంగం మీద చూసినవాణ్ణి నేను కలవలేదు. అంత పొడుగు నాటకం ఎవరాడతారు? చాలామందికి తెలిసింది 1955 నాటి సినిమా, లేదంటే పుస్తకం. పుస్తకంగా ఉండబట్టే అది బతికి ఉంది.

ఇక గ్రంథాలయాల సంగతి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బులో మనకు కనపడేది చాలాచోట్ల పోటీ పరీక్షల గైడ్లు. ఉద్యోగం కావాల్సిన పిల్లలకు అవి ఉండాలి, కాదనను. ఆ మధ్య ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లి నాటకాలు ఎక్కడున్నాయని అడిగాను. మూలనున్న ఇనప బీరువా చూపించారు. తాళం. “నాటకాలు ఎవరూ అడగరండీ” అన్నాడు అక్కడున్న కుర్రాడు. కనపడని పుస్తకాన్ని ఎవరడుగుతారు బాబూ?

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పుస్తకాల పడవ నడిపించారు. మా పెద్దవాళ్లు ఆ ముచ్చట చెప్పేవారు. రేవులో పడవ ఆగితే కావాల్సింది జాబితా చూసి అడిగేవాళ్లు తక్కువట. ఎదురుగా ఏముందో చూసి చెయ్యి చాచేవాళ్లట.

అందుకని నేను కోరేది రెండే. గ్రంథాలయం వాళ్లు వాకిట్లోనే ఒక బల్ల వేసి, బాగా చెయ్యి మారే నవల ఒకటి, దాని పక్కన దానికి చుట్టమైన నాటకమో, భాషా గ్రంథమో, చరిత్రో పెట్టి వారానికోసారి మార్చాలి. దీనికి కొత్తగా పైసా ఖర్చు లేదు. మీరు ఈసారి జాబితా వేసేటప్పుడు పాతిక వద్దు, అయిదు నవలలు చాలు. ఒక్కోదాని కింద, ఇది చదివాక ఎటు వెళ్లవచ్చో రెండు వాక్యాలు రాయండి. రాసేవాళ్లు దొరక్కపోతే నాకు కబురు చేయండి, పింఛను మనిషిని, తీరికే.

ఆ బీరువా అద్దంలోంచి ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’, కాళ్లకూరి వారి ‘వరవిక్రయం’ మాత్రం కనపడ్డాయి. అడుగు అరలో ఏమున్నాయో చీకట్లో తెలియలేదు. తాళంచెవి ఉన్నాయన మంగళవారం వస్తాడన్నారు. వెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
తెనాలి